తపతీ తీరాన కొన్ని దినాలు

తపతీ నది సముద్రాన్ని చేరబోయే చోట దాని ఒడ్డున వెలసిన సూరత్ ప్రాచీనమైన రేవుపట్టణం. 1613లో ఆంగ్లేయులు తమ వర్తకశాలను ఇక్కడే నెలకొల్పారు. నేడు వజ్రాల సానపట్టుటకూ, కృత్రిమ పట్టు వస్త్రాలకూ ఈ నగరం పేరెన్నికగన్నది. ఆ వస్త్రాల వెనుక తెలుగువారి శ్రమ ఎంతో ఉన్నది. తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబాలు ఉధనా, లింబాయత్ ప్రాంతాలలో తరాలుగా నివసిస్తున్నాయి. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది.

గత శీతాకాలంలో మేము దంపతులము అక్కడికి వెళ్ళినది విహారార్థం కాదు. 1979 నుండి మరమగ్గాలపై పనిచేస్తున్న మా అన్నగారు న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరారు. పదకొండు దినాలు ఆయన మంచం చెంతనే గడిపాము.

జ్వరం తగ్గిన మరునాటి నుండే ఆయన ఇంటికి పోదామని తొందరపెట్టసాగారు. సూరత్‌లో ఆసుపత్రి విడిచిపోవడం అనే మాటకు ఒక చేదు చరిత్ర ఉన్నది. 1994 సెప్టెంబరులో న్యుమోనిక్ ప్లేగు ప్రబలినపుడు లక్షలాది జనం కొద్ది దినాలలోనే ఊరు ఖాళీచేశారు. చికిత్స ముగియకుండానే ఆసుపత్రి నుండి వెళ్ళిపోయిన రోగులు కూడా ఉన్నారు. టెట్రాసైక్లిన్ మందుకు దుకాణాలలో కరవు ఏర్పడింది. మా అన్నగారు సైతం ఆనాడు క్రిక్కిరిసిన రైలులో వరంగల్లు చేరి, మగ్గాలు తిరిగి నడవగానే వెనుకకు వెళ్ళారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన శ్రీ ఎస్. ఆర్. రావు గారి హయాంలో పారిశుద్ధ్యం రూపురేఖలు మారిపోయాయి. 2023 స్వచ్ఛ సర్వేక్షణలో ఇందోర్‌తో కలిసి సూరత్ ప్రథమ స్థానం పొందినది.

పదవ దినాన వైద్యుడు మమ్ములను కూర్చుండబెట్టి వివరించారు. మందుల కోర్సు మధ్యలో ఆపరాదు. ఆయాసం హెచ్చినా, జ్వరం తిరిగివచ్చినా ఆలస్యం చేయరాదు. నూలు ధూళికి మూడు నెలలు దూరంగా ఉండాలి. ఈ చివరి షరతు వద్దనే చిక్కు వచ్చిపడినది.

"తమ్మీ, ఇల్లంటే నాకు లింబాయతే. సాంచాల సప్పుడు లేకుంటే నాకు నిద్ర పట్టది" అన్నారు అన్నగారు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడిచిన నీటితో నగరంలో అధికభాగం మునిగినపుడు కూడా ఊరు విడువని మనిషి ఆయన. మేము వరంగల్లు అన్నప్పుడల్లా ముఖం గోడవైపు త్రిప్పుకొనేవారు. ఆయన గది క్రిందనే మగ్గాల షెడ్డు ఉన్నది. అక్కడికి పంపడమంటే చేసిన చికిత్సను నీటిపాలు చేయడమే.

చివరకు మాట నెగ్గించినది మా శ్రీమతి. "బావగారూ, గది ఖాళీ చేయవద్దు. అద్దె మేము పంపుతాము. మూడు నెలల తరువాత మీరే వచ్చి తాళం తీయండి" అన్నది. ఆయన చాలాసేపు ఆలోచించి తల ఊపారు.

ఇక ప్రయాణ సన్నాహం. డిశ్చార్జి పత్రాన్ని ఆసుపత్రిలో ఉండగానే చదివి, అర్థంకానివి అడిగి తెలుసుకొన్నాము. ఏ మాత్ర ఏ వేళకో తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి మందుల సంచికి అంటించాము. దారిలో వేసుకోవలసినవి విడిగా కట్టాము. ఎక్స్‌రేలను మడతపడకుండా అట్టల నడుమ ఉంచాము. నడవాలో నాలుగుసార్లు నడిపించి, మెట్లెక్కించి, ఆయాసం ఎంతవరకు వస్తున్నదో చూచాము. క్రింది బెర్తు దొరికిన తరువాతనే ప్రయాణం నిశ్చయించాము. యంత్రాన్ని మరమ్మతు అనంతరం ఒక్కసారిగా పూర్తి భారంపై నడపరాదని మనకు తెలిసినదే; మనిషి విషయంలో ఆ నియమాన్ని మరింత శ్రద్ధగా పాటించాలి.

అహమ్మదాబాదు నుండి చెన్నై వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్, వరంగల్లు మీదుగానే పోతుంది. బండి కదిలినపుడు అన్నగారు జేబు తడుముకొని తాళంచెవి ఉన్నదని నిర్ధారించుకొన్నారు. పిదప ఒక మాత్ర అడిగి వేసుకొని, నిద్రకు ఉపక్రమించారు.