వియన్నా లేఖలు: మూజిక్‌ఫెరైన్‌లో ఏ కుర్చీ?

వియన్నా, శనివారం రాత్రి



1812లో ఏర్పడిన సంగీతమిత్ర సమాజం కోసం తెయోఫిల్ హాన్సెన్ రూపొందించగా 1870 జనవరి 6న తెరుచుకొన్న మూజిక్‌ఫెరైన్ సంగీతభవనపు పెద్దశాల పొడవు సుమారు 49 మీటర్లు, వెడల్పు 19, ఎత్తు 18 మీటర్లకు కొంచెం తక్కువ. ఈ ఆకారానికి ధ్వనిశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘బూట్లపెట్టె’. శాలలోని బంగారుపూతను చూసినవారికి ఆ పేరు మింగుడుపడదు. గోడలు దగ్గరగా ఉండటంవల్ల పక్కలనుంచి తిరిగివచ్చే నాదం క్షణంలో అల్పభాగంలోనే చెవిని చేరి అసలు నాదంతో కలిసిపోతుంది. శాల నిండినప్పుడు అనురణనం, అంటే వాద్యం ఆగిన తరువాత నాదం సన్నగిలుతూ నిలిచే కాలం, దాదాపు 2 సెకన్లు. మీటిన తంబురలో మిగిలే నాదంతో దానిని పోల్చవచ్చుగాని, ఇక్కడ ఆ నాదాన్ని నిలిపేది తీగ కాదు, గోడలు. ధ్వనిశాస్త్రజ్ఞుడు వాలెస్ సెబైన్ అనురణనాన్ని లెక్కగట్టే పనికి పూనుకొన్నది 1895లో కనుక హాన్సెన్‌కు ఆ సూత్రాలేవీ అందుబాటులో లేవు.

వియన్నా, ఆదివారం మధ్యాహ్నం

కచేరీలో విద్వాంసుని చేతివేళ్లు కనబడేంత దగ్గర చోటును కోరే మనవారి అలవాటు ఈ శాలలో పనికిరాదు. పార్టెర్ అనే నేలభాగం సమతలంగా, వేదిక దానికన్నా ఎత్తుగా ఉండటంచేత ముందువరుసలవారికి వయొలిన్ వాద్యకారుల బూట్లు బాగా కనబడతాయి, వారి వెనుకనున్న వేణువులు, కొమ్ముబూరలు కనబడవు. వెనుకవరుసలలో నాదం చక్కగా కలిసివచ్చినా ముందువారి తలలు అడ్డు. ఇరుపక్కల లోజ్‌లనే అరలలో మొదటి వరుస దాటితే మెడ చాచవలసిందే. వేదిక వెనుక ఆర్గన్ బాల్కనీలో కండక్టర్ ముఖం చూడవచ్చుగాని, చర్మవాద్యాల మోత మిగతావాటిని మింగుతుంది, గాయకుల గొంతు అవతలికి పోతుంది.

చూపు, వినికిడి రెండూ కావలసినవారికి బాల్కనీ నడిమి ముందువరుసలే మేలు. వినికిడి ఒక్కటే చాలుననుకొనేవారికి పార్టెర్ వెనుక నిలబడే చోటు చౌకైనదే తప్ప తక్కువది కాదు. కాళ్లలో సత్తువ ఉండాలి. టికెట్టు కొనేముందు ధరకన్నా వరుస సంఖ్యను చూడవలసింది.