కాసాబ్లాంకా పట్టణములో ఒక తీర్పు



మొరాకో దేశములోని కాసాబ్లాంకా పట్టణము అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున ఉన్నది. అక్కడ నీటి అంచున కట్టిన రెండవ హసన్ మసీదును మేము చూచాము. 1993లో పూర్తయిన ఆ మసీదు మీనారు ఎత్తు సుమారు 200 మీటర్లు. అటువంటి భక్తిగల పట్టణములో మెటల్ సంగీతము వాయించే యువకులు కూడ ఉన్నారు.

మెటల్ అంటే ఏమిటని మీరడగవచ్చును. కరెంటు గిటార్లు, పెద్ద డ్రమ్ములు, గొంతు చించుకొని పాడుట, నల్ల చొక్కాలు, వాటిమీద పుర్రె బొమ్మలు. హార్మోనియము, తబలా విన్న మన చెవులకు అది గోలగానే ఉంటుంది. కొన్ని పాటలలోని మాటలు మాకు బొత్తిగా నచ్చవు. అయినను అక్కడ జరిగిన సంగతి మనము తెలిసికొనవలెను.

2003 ఫిబ్రవరిలో పోలీసులు 14 మంది వాద్యకారులను, అభిమానులను పట్టుకున్నారు. నల్ల చొక్కాలు, పుర్రెలు కోర్టులో సాక్ష్యములైనవి. సాతాను పూజ చేయుచున్నారని, ముస్లిముల విశ్వాసమును కదిలించుచున్నారని నేరము మోపారు. మార్చి నెలలో ఒక నెల మొదలు ఒక సంవత్సరము వరకు జైలుశిక్షలు వేశారు. పత్రికలవారు, కళాకారులు, మానవహక్కులవారు ఊరుకొనలేదు. అప్పీలులో 11 మంది నిర్దోషులుగా విడుదలైనారు. మిగిలిన ముగ్గురికి శిక్ష తగ్గినది.

“విశ్వాసమును కదిలించుట” అనే మాటను గమనించండి. ఆ దేశపు శిక్షాస్మృతి 220వ సెక్షనులో ఉన్నది ఆ మాటే. ముస్లిమును ప్రలోభపెట్టి వేరొక మతమునకు త్రిప్పుట కూడ ఆ సెక్షను క్రిందనే నేరము. శిక్ష ఆరు నెలల నుండి మూడేండ్లు. 2010 మార్చిలో అయిన్ ల్యూ అనే కొండ ఊరిలో 33 మంది అనాథ పిల్లలను పెంచుచున్న విదేశీ క్రైస్తవులను మతప్రచారము చేయుచున్నారనే ఆరోపణతో, విచారణ లేకుండనే, కొద్ది గంటల గడువిచ్చి దేశమునుండి పంపివేశారు. తల్లిదండ్రులవలె చూచుకొన్నవారు వెళ్లిపోవుచుండగా ఆ పిల్లలు ఏడ్చారు.

గిటారు వాయించిన కుర్రవానికి, అనాథలకు అన్నము పెట్టిన క్రైస్తవునికి పోలిక ఏమియు లేదు. అయినను ఇద్దరిమీదికి వచ్చిన నింద ఒక్కటే. ఫిలిప్పీ పట్టణములో పౌలు సీలలను కొట్టించి చెరలో వేయించినవారు కూడ, వీరు మన ఊరిని కలవరపెట్టుచున్నారనియే గదా చెప్పినది!

మన పిల్లలలో ఎవరైన ఇటువంటి పాటలు పెట్టినయెడల వెంటనే కేకలు వేయకండి. ప్రక్కన కూర్చుండి వినండి. అందులో ఏమున్నదో, వానికది ఎందుకు నచ్చినదో అడగండి. తప్పనిపిస్తే నెమ్మదిగా చెప్పండి. ఇది తలిదండ్రుల పని, సంఘపెద్దల పని. పోలీసువారికి అప్పగించవలసిన పని కాదు.