సముద్రం లేని చోట సముద్రపు చుట్టం

కామారెడ్డి పిల్లలు సముద్రం చూడాలంటే చాలా దూరం పోవాలి. అయినా సముద్రపు జీవి ఒకదాని చుట్టం వాళ్ళ జిల్లా పొలాల్లోనే ఉంది. దాన్ని చూడాలని ఉందా? అయితే కామారెడ్డి స్టేషనులో రైలు దిగి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే బస్సు ఎక్కండి. ఎల్లారెడ్డి నుంచి మెదక్ దారి పట్టితే పోచారం చెరువు వస్తుంది. నిజాం కాలంలో, 1916-22 మధ్య, ఆలేరు వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టగా ఏర్పడిన చెరువు ఇది. దీని కాలవ నీళ్ళతో ఎల్లారెడ్డి వైపు వరి పండుతుంది.

వానాకాలంలో ఆ వరిమడి గట్టున పెద్దవాళ్ళతో కలిసి కాసేపు కూచోండి. నీటి అడుగున నిమ్మకాయంత గుల్ల ఒకటి మెల్లగా కదులుతుంది. అదే నత్త! ఇంతేనా అనుకోకండి. కాస్త ఓపిక పట్టితే అది పైకి వచ్చి, మెడ పక్కనుంచి ఒక గొట్టం నీటి పైకి చాస్తుంది. గాలి పీలుస్తున్నదన్నమాట. ఈ నత్తకు ఒక పక్క చేపకున్నట్టు మొప్ప, మరొక పక్క మనకున్నట్టు ఊపిరితిత్తి ఉన్నాయి. నీటిలో మొప్పతోనూ, గట్టు మీద ఊపిరితిత్తితోనూ బతుకుతుంది. రెండెందుకని అడుగుతారు గదా? మడిలో నీరు ఎల్లకాలం ఉండదు గనక.

ఇప్పుడు దీని చుట్టం సంగతి. ఎక్కడో ఉత్తరాన, నార్వే తీరపు చల్లటి సముద్రంలో డెండ్రోనోటస్ అనే నత్త ఉంది. గ్రీకు భాషలో ఆ పేరుకు చెట్టు వీపు అని అర్థం. దాని వీపు మీద నిజంగానే కొమ్మల్లాంటివి వరసగా లేచి ఉంటాయి. సముద్రపు నాచు మధ్య అది కదలకుండా ఉంటే కనిపెట్టడం కష్టం. దానికి గుల్ల లేదు! గుడ్డులోంచి వచ్చినప్పుడు చిన్న గుల్ల ఉంటుంది గాని, పెరిగేటప్పుడు దాన్ని వదిలేస్తుంది. మనం చిన్నప్పటి చొక్కా వదిలేసినట్టే.

మన ఎల్లారెడ్డి నత్త ఆ పని చేస్తే ఒక్క ఎండాకాలం కూడా దాటదు. మడి ఎండటం మొదలుకాగానే అది బురదలోకి దిగుతుంది. ఒంటినంతా గుల్లలోకి లాక్కుని, గట్టి మూతతో వాకిలి బిగించుకుంటుంది. ఇక తిండీ లేదు, తిరుగుడూ లేదు. పైన బురద ఎండి, పెళుసై, పగుళ్ళు తీస్తుంది. లోపల నత్త తన ఒంటి తడిని కాపాడుకుంటూ నెలల తరబడి పడి ఉంటుంది. వాన మరీ ఆలస్యమైతే కొన్ని ఆ నిద్రలోనే చచ్చిపోతాయి.

బతికినదానికైనా సుఖం లేదు. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఒక కొంగ ఉంది. నత్తలంటే దానికి మహా ఇష్టం. ఆ ముక్కు కొనతో గుల్ల మూత కింద పొడిచి, గుల్ల పగలకుండానే కండ లాగేస్తుంది! ఎంత గట్టి తలుపుకైనా ఒక దొంగ ఉంటాడు.

నత్తను ఇంటికి తెచ్చుకుని చూడాలంటే గాజు సీసాలో చెరువు నీరు, కాస్త నాచు వేసి ఒక్క రోజు ఉంచండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. మర్నాడు తెచ్చిన మడిలోనే వదలండి. తొలకరి పడ్డాక అక్కడికే మళ్ళీ వెళ్ళి చూడండి. బురద మెత్తబడి, ఒక గుల్ల కొంచెం కదిలి, మూత పక్కకు తొలగి, లోపలినుంచి రెండు మీసాలు బయటికి వస్తాయి.