ఆఫీసు కంప్యూటర్ మార్చాం, పాత ఉత్తరాలు ఏమయ్యాయంటే



మొన్నటి సమావేశంలో ఇద్దరు ముగ్గురు పెద్దలు అడిగారు, "కొత్త కంప్యూటర్ కొన్నారు సరే, అందులో మన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఎందుకు పెట్టలేదు?" అని. అక్కడ టైము చాలక సగంలో ఆపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగు పోస్టే, తీరిక చేసుకుని చదవండి. ఈ గొడవ సంఘం ఆఫీసుది మాత్రమే కాదు, మీ ఇళ్లల్లో అటక ఎక్కిన పాత సీపీయూలది కూడా.

ముందు పేరు దగ్గరే తికమక ఉంది. ఔట్‌లుక్ వేరు, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వేరు. మొదటిది ఆఫీస్ ప్యాకేజీతో డబ్బు పెట్టి కొనుక్కునేది. రెండోది విండోస్ ఎక్స్‌పీతో ఊరికే వచ్చేది. మన ఆఫీసులో వాడింది ఈ రెండోదే. 2007లో విస్టా వచ్చినప్పుడు దాన్ని తీసేసి విండోస్ మెయిల్ అని పెట్టారు. 2009లో విండోస్ 7 వచ్చేసరికి అసలు మెయిల్ ప్రోగ్రామే లేదు, కావలసినవాళ్లు లైవ్ మెయిల్ అనేదాన్ని విడిగా దించుకోవాల్సి వచ్చింది. దానికి 2017 జనవరి 10తో మద్దతు ఆగింది. విండోస్ 10తో వచ్చిన మెయిల్ యాప్ కూడా 2024 ఆఖరుతో సరి. అద్దింటివాడు సామాను సర్దుకునేలోపే ఇంకో ఇల్లు చూసుకోమన్నట్టుంది వరస.

పాత ప్రోగ్రామును సీడీలో ఎక్కించి కొత్తదాంట్లో పెట్టలేమా అని కూడా అడిగారు. కుదరదు. అది విండోస్‌లోనే కలిసిపోయి ఉన్న ముక్క, దానంతటదిగా నిలబడదు. విండోస్ 7 ప్రొఫెషనల్ రోజుల్లో ఎక్స్‌పీ మోడ్ అని ఒక దారి ఉండేది, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాగా. అందులో తెరిచినా పాత ఉత్తరాలు చదువుకోవడం వరకే. ఇవాళ్టి మెయిల్ సర్వర్లు అడిగే కొత్త రకం భద్రత, టీఎల్‌ఎస్ 1.2 అంటారు, ఆ పాత ప్రోగ్రాముకు రాదు. పైగా 2022 మే 30 తర్వాత జీమెయిల్ కూడా ఉత్త పాస్‌వర్డ్‌తో వచ్చే పాత ప్రోగ్రాములను లోపలికి రానివ్వడం మానేసింది.

మాజీ కార్యదర్శి గారికి ఇదంతా చెబితే ఒక్క మాటే అన్నారు. "నాకు ఆ కిటికీ అలవాటు నాయనా. ఎడమ పక్క బడుల పేర్లు, కుడి పక్క ఉత్తరాలు. ఇంకేం అక్కర్లేదప్పా." ఆయన మాటకు నవ్వినవాళ్లున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మన బీరువాలో ఉన్న ఫైళ్లకంటే ఆయన ఎడమ పక్క పెట్టుకున్న ఆ పేర్ల వరసే సరిగ్గా ఉండేది.

ఆ ఉత్తరాలు ఎందుకు ముఖ్యమో కొత్త సభ్యుల కోసం చెబుతాను. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి పైకి జరుపుతూ, 2015-16 నాటికి పదో తరగతి దాకా మొదటి భాగంలో తమిళం తప్పనిసరి అయింది. అంతకుముందు ఆ చోట తెలుగు రాసిన మన పిల్లలకు అది ఎంత మార్పో, మినహాయింపుల కోసం ఎన్ని మెట్లు ఎక్కామో మీకు తెలుసు. తమిళం నేర్చుకోవద్దని మనం ఎప్పుడూ అనలేదు. మన ఇళ్లల్లో తమిళం రాని పిల్లవాడెవడు? తెలుగు కూడా ఉండనివ్వండి అన్నదే మన మాట. ఆ పదేళ్లూ ఏ బడిలో తెలుగు టీచరు పోస్టు ఎప్పుడు ఖాళీ అయింది, పాఠ్యపుస్తకాలు ఏ నెలలో చేరాయి, తరగతికి ఎంతమంది పిల్లలున్నారు అని హెడ్మాస్టర్లు, తల్లిదండ్రులు రాసిన మెయిళ్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది, దాన్ని చూపించి అర్జీ పెట్టొచ్చు. కానీ "ఇంతకుముందు ఈ బడిలో తెలుగు ఉండేదని ఆధారం ఏది?" అని అడిగితే అధికరణం జవాబు చెప్పదు. తేదీ వేసిన ఉత్తరం చెబుతుంది.

"ఈమెయిలే కదా, ఎక్కడో నెట్‌లో ఉంటుందిలే" అనుకోకండి. ఈ పొరపాటు అభిప్రాయం వల్లే చాలామంది నష్టపోతున్నారు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ పాప్ పద్ధతిలో పనిచేసేది. సర్వర్ నుంచి ఉత్తరం దించుకోగానే అక్కడ చెరిపేసేది, మనం ప్రత్యేకంగా టిక్కు పెట్టి వద్దంటే తప్ప. అప్పట్లో సర్వర్లో చోటు తక్కువ, ఎవరూ ఆ టిక్కు పెట్టేవాళ్లు కాదు. అంటే లోకం మొత్తమ్మీద ఆ ఉత్తరం ఉన్నది ఆ ఒక్క సీపీయూలోనే.

అందులోనూ ఎక్కడ? మై డాక్యుమెంట్స్‌లో కాదు. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, అందులో వాడినవారి పేరు, అందులో లోకల్ సెట్టింగ్స్, అప్లికేషన్ డేటా, ఐడెంటిటీస్, తర్వాత ఒక పెద్ద అంకెల వరస, మైక్రోసాఫ్ట్, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. ఇన్ని గదులు దాటాక ఉంటాయి. పైగా దారిలో లోకల్ సెట్టింగ్స్ దాచిన ఫోల్డరు, మామూలుగా కంటికే కనపడదు. మన సభ్యులు ఒకరు కొన్నేళ్ల కిందట రిపేరు షాపులో కంప్యూటర్ ఇస్తే, ఆ కుర్రాడు మై డాక్యుమెంట్స్ మాత్రం కాపీ చేసి డిస్కు ఫార్మాట్ కొట్టేశాడు. "అంతా బ్యాకప్ తీశాను సార్" అన్నాడట. ఫొటోలన్నీ వచ్చాయి, ఉత్తరం ఒక్కటి రాలేదు.

మన ఆఫీసు మెషీన్ విషయంలో అందుకే తొందరపడలేదు. ముందు డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టరుతో తగిలించి, ఆ ఫోల్డరు మొత్తం రెండు చోట్ల కాపీ తీశాం. ఒక్కో విభాగానికి ఒక్కో డీబీఎక్స్ ఫైలు ఉంటుంది, వాటిని ఏరుకోకూడదు, మొత్తంగా తీయాలి. మన కోశాధికారి గారి ఇంట్లో ఒక విండోస్ 7 ల్యాప్‌టాప్ ఉంది, అందులో లైవ్ మెయిల్ ఇంకా బతికే ఉంది. ఆ ప్రోగ్రాముకు డీబీఎక్స్ చదవడం వచ్చు. నెట్ తీసేసి దాంట్లోకి ఎక్కించాం. మొదట ససేమిరా అంది. 2011లో ఎవరో సీడీలో రాసిపెట్టిన కాపీతో మొదలుపెట్టాం, సీడీ నుంచి వచ్చిన ఫైళ్లకు రీడ్ ఓన్లీ అని టిక్కు ఉండిపోతుంది. అది తీసేయగానే దారిలోకి వచ్చింది. లైవ్ మెయిల్ ఒక్కో ఉత్తరాన్నీ ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా విడదీస్తుంది. వాటిని కొత్త కంప్యూటర్లో థండర్‌బర్డ్‌లోకి, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ అనే చిన్న జోడింపు పెట్టి చేర్చాం. బడుల పేర్లు మళ్లీ ఎడమ పక్కకు వచ్చాయి.

ఇన్‌బాక్స్ ఒక్కటి ఏడిపించింది. ఆ ప్రోగ్రాములో ఒక్కో ఫైలుకు 2 జీబీ హద్దు. దాని దగ్గరికి వస్తే చెడిపోతుంది. మనది వచ్చింది. దేనివల్లంటారా? ఉగాది సంబరాల ఫొటోలు! ఒకే గ్రూపు ఫొటో అయిదుగురు పంపారు, ఒక్కొక్కటి చిన్న గోడంత సైజు. కొన్ని ఉత్తరాల్లో పైన పేరు, తేదీ ఉన్నాయి, లోపల ఏమీ లేదు.

తెరుచుకున్నవాటిలో అక్షరాల సంగతి ఇంకో పురాణం. కొన్ని యూనికోడ్‌లో ఉన్నాయి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మారిస్తే ముత్యాల్లా వచ్చాయి. కొన్నిటికి అటాచ్ చేసిన అర్జీలు అను ఫాంట్లలో కొట్టినవి, ఆ ఫాంటు లేకపోతే పిచ్చి ఇంగ్లీషులా కనిపిస్తాయి. పనికిరావని పారేయకండి, ఫాంటు ఉంటే చదవొచ్చు. మరికొన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, ణకు పెద్ద ఎన్, ళకు పెద్ద ఎల్ పెట్టి. ఆ పద్ధతిలో ఒక తల్లి రాసిన ఉత్తరం ఉంది. తన కూతురి తరగతిలో తెలుగు పిల్లలు పదకొండు మందే మిగిలారని, టీచరమ్మ రిటైరైతే ఇంకొకరిని వేయరేమోనని భయం. దానికి మన సంఘం ఇచ్చిన జవాబు కూడా పంపినవాటిలో దొరికింది. మూడు లైన్లు. శాఖకు రాశాం, కాపీ జతచేశాం అని. ఆ కాపీ ఇప్పుడు మన చేతిలో ఉంది.

మాజీ కార్యదర్శి గారిని పిలిచి చూపించాం. థండర్‌బర్డ్‌లో బొత్తాలు ఎక్కువయ్యాయని విసుక్కున్నారు. ఆయన అడిగినట్టు పైన ఉన్న బొత్తాలు సగం తీసేశాం, అక్షరాలు పెద్దవి చేశాం.

విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది, కనుక మీలో చాలామంది కొత్తవి కొంటారు. ఎక్స్ఛేంజ్‌లో పాతది ఇచ్చే ముందు, అందులో ఇలాంటి ఉత్తరాలున్నాయేమో చూడండి. ముఖ్యంగా 2003 నుంచి 2013 మధ్య కార్యవర్గంలో ఉన్నవాళ్లు. ఇన్‌బాక్స్‌లో ఖాళీగా వచ్చిన ఉత్తరాల జాబితా, పేరు, తేదీతో సహా ఆఫీసు బోర్డు మీద అంటించాను. వాటి నకలు పంపినవారి దగ్గరో, కాపీ అందుకున్నవారి దగ్గరో ఉండొచ్చు. శనివారం సాయంత్రాలు అడాప్టరు పట్టుకుని ఆఫీసులోనే ఉంటాను. మానిటర్, కీబోర్డు మోసుకురాకండి, సీపీయూ ఒక్కటి చాలు.