నిద్ర చెడగొట్టే నర్సమ్మ

ఆస్పత్రిలో నర్సుల మీద వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది ఇంజెక్షను గురించి అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. నిద్ర గురించి. "ఇప్పుడే కాస్త కన్ను మూశాడమ్మా, అంతలోకే వచ్చి లేపేశారు!" అనే మాట నా ఉద్యోగకాలంలో ఎన్నిసార్లు విన్నానో లెక్క చెప్పలేను. తలకు దెబ్బ తగిలినవాళ్ళనూ, పక్షవాతం వచ్చినవాళ్ళనూ ఉంచే వార్డులోనే నా సర్వీసు సగం గడిచింది గనక, నా వాటాకు ఆ మాటలు మరీ ఎక్కువగా వచ్చాయి. చేతిలో టార్చిలైటు, చంకలో ఛార్టు, గంటగంటకూ మంచం పక్కన ప్రత్యక్షం. వార్డులో నన్ను చాటున "లైటమ్మ" అనేవారట. రిటైరయ్యాక మా ఆయా చెబితే తెలిసింది.

ఫిర్యాదు చేసేవాళ్ళను నేను తప్పుపట్టను. జబ్బుమనిషికి నిద్రను మించిన మందు లేదని మన ఇళ్ళలో తరతరాల నమ్మకం. అది అబద్ధమూ కాదు. కాని తలకు దెబ్బ తగిలినవాడి సంగతి వేరు. అలసిపోయి పడుకున్నవాడూ కళ్ళు మూసుకునే ఉంటాడు. మెదడు మీద నెత్తురు గడ్డకట్టి స్పృహ తప్పుతున్నవాడూ కళ్ళు మూసుకునే ఉంటాడు. ఇద్దరూ గురకపెడతారు. పిలిస్తే ఒకడు "ఊఁ" అంటాడు, రెండోవాడు అనడు. పైకి కనిపించే తేడా అంతే. ఆ తేడా తెలియాలంటే పిలవాలి గదా! పరీక్ష చెయ్యడం కోసం రోగిని లేపుతున్నామని మీరనుకుంటారు గాని, నిజానికి లేపడమే పరీక్ష.

ఎంత పిలుపుకు లేచాడు, లేచి ఏమన్నాడు, చెయ్యి ఎత్తమంటే ఎత్తాడా లేదా—దీనికంతకూ ఒక లెక్క ఉంది. 1974లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4 మార్కులు, మాటకు 5, కదలికకు 6, వెరసి 15. ఇందులో సున్నా లేదు. ఏమీ చెయ్యలేనివాడికి కూడా 3 వస్తాయి. ఒక తాతగారు ఛార్టులోకి తొంగిచూసి, "మా మనవడికి పదిహేనుకు పద్నాలుగా! వీడికి బడిలో ఎన్నడూ ఇన్ని రాలేదమ్మా" అని సంతోషపడ్డారు. ఆ తగ్గిన ఒక్క మార్కు కోసమే మేము రాత్రంతా కాపలా కాస్తున్నామని ఆయనకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఇక టార్చిలైటు మాట. నల్లగుడ్డు నడుమ కనుపాప ఉన్నది చూశారూ, అది ఒక చిన్న గుండ్రని కిటికీ. వెలుతురులో ముడుచుకుంటుంది, చీకట్లో విప్పారుతుంది. మంచి వెలుతురులో రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒక కంట్లో లైటు వేస్తే రెండో కంటి పాప కూడా ముడుచుకుంటుంది. అద్దం ముందు కాదు, ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి చూడండి. రెండు కళ్ళూ అక్కచెల్లెళ్ళ లాగా కలిసి నడుస్తాయి. వెలుగు వచ్చిందన్న కబురు దృష్టినాడి మెదడుకు మోసుకుపోతుంది. ముడుచుకోమన్న ఉత్తరువు మరో నాడి మీదుగా రెండు కళ్ళకూ తిరిగి వస్తుంది. ఈ రెండో నాడిని లెక్కలో మూడోది అంటారు. పుర్రె గట్టి డబ్బా వంటిది. లోపల నెత్తురు చేరితే మెదడు జరగడానికి చోటు ఉండదు. అప్పుడది కిందికి ఒత్తుకుపోయి ఈ మూడో నాడిని నొక్కుతుంది. కనుపాపను ముడిచే పోగులు ఆ నాడికి పైపొరలోనే ఉంటాయి గనక దెబ్బ ముందు వాటికే. అంతే, ఆ వైపు కనుపాప పెద్దదై లైటుకు బద్ధకిస్తుంది. చివరికి బొత్తిగా కదలదు. పుర్రె విప్పకుండా లోపలి సంగతి చెప్పే కిటికీ అది.

అయితే ఒక మాట. కనుపాప మారేదాకా ఆగితే చాలా ఆలస్యం చేసినట్టే. సాధారణంగా ముందు తగ్గేది తెలివి. అంచేతనే పిలుపు ముందు, లైటు తరువాత.

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. ఇరవయ్యేళ్ళుంటాయి. హెల్మెట్టు లేకుండా మోటారుసైకిలు మీంచి పడ్డాడు. పడ్డచోట కాసేపు స్పృహ తప్పి, మళ్ళీ లేచి, తన కాళ్ళ మీద తానే నడిచి ఆస్పత్రికి వచ్చాడు. స్కానులో ఎడమవైపు కొంచెం నెత్తురు కనిపించింది. గంటగంటకూ చూస్తుండమని డాక్టరుగారు రాశారు. రాత్రి ఒంటిగంటకు పిలిచాను. విసుక్కున్నాడు, విసుగు ఆరోగ్యమే. కనుపాపలు రెండూ మూడేసి మిల్లీమీటర్లు, చురుగ్గా ఉన్నాయి. రెండు గంటలకు మళ్ళీ వెళ్ళేసరికి వాళ్ళమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది.

"ఏం సిస్టరూ, నీకూ పిల్లలున్నారా? పొద్దుటినుంచీ కునుకు లేదు వాడికి. తెల్లారనీ, అప్పుడు చూద్దువుగాని."

"ఉన్నారమ్మా, అందుకే వచ్చాను. ఒక్క నిమిషం" అని పక్కనుంచి వెళ్ళి పిలిచాను. మొదటి పిలుపుకు పలకలేదు. మూడోసారికి కళ్ళు తెరిచాడు. ఇది ఏ నెల అంటే తప్పు చెప్పాడు. ఒంటిగంటకు అదే ప్రశ్నకు సరిగ్గా చెప్పినవాడు! కనుపాపలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి మంచం దగ్గరే నిలబడ్డాను. పావుగంట గడిచి మళ్ళీ లైటు వేసేసరికి కుడిది మూడు, ఎడమది ఐదు. ఆ ఐదు కూడా బద్ధకంగా, మనసు లేనట్టు ముడుచుకుంది. డాక్టరు పరుగున వచ్చాడు. మళ్ళీ స్కాను తీశారు. నెత్తురుగడ్డ పెరిగింది. నాలుగు కొట్టకముందే కుర్రవాణ్ణి థియేటరుకు తీసుకుపోయారు.

బతికాడు. కొన్ని రోజులకు మా వార్డుకే తిరిగి వచ్చాడు. ఆ రాత్రి నేను ఇంకో మంచం దగ్గర ఉండగా వాళ్ళమ్మ వచ్చి నా భుజం తట్టింది. "గంట కావస్తోందమ్మా, మావాణ్ణి లేపవూ?" అంది. అప్పటికి వాడికి గంటగంటకూ చూడవలసిన అవసరం తీరిపోయింది. ఆ మాట చెప్పినా వినలేదు. ఆవిడ తృప్తి కోసం వెళ్ళి లైటు వేశాను. ఆ కుర్రవాడు నన్ను తిట్టిన తిట్టు మాత్రం మొదటి తరగతిలో ఉంది. ఆవిడ మురిసిపోయింది.

ఈ మూడో నాడి లాంటివి మెదడునుంచి నేరుగా బయలుదేరేవి పన్నెండు జతలున్నాయి. వాటిని ఇప్పటి వరసలో పన్నెండుగా లెక్కపెట్టినవాడు జర్మనీ దేశపు సోమరింగ్. అది 1778 నాటి మాట. వాటిని పరీక్షించే సరంజామా చూస్తే మీరు నవ్వుతారు. దాదాపు అంతా మీ వంటింట్లో, పడకగదిలో దొరికేదే. మొదటి నాడికి కాఫీపొడి. కళ్ళు మూయించి, ఒక్కొక్క ముక్కుకే వాసన చూపించాలి. ఘాటైన అమ్మోనియా పనికిరాదు. అది వాసనతో కాక మంటతో తెలిసిపోతుంది, ఆ మంట ఐదో నాడి సొత్తు. 2020లో కోవిడు వచ్చినప్పుడు ఈ పరీక్ష ఇంటింటా ఎవరికి వారే చేసుకున్నారు. రెండో నాడికి చదవడానికి ఏ వారపత్రికైనా చాలు, ఒక్కొక్క కంటితో. మూడు, నాలుగు, ఆరు నాడులకు మా చూపుడువేలు. అది తిరిగినచోటికల్లా కళ్ళు తిరుగుతున్నాయా, ఎక్కడైనా ఒకటి రెండుగా కనిపిస్తోందా అని చూస్తాం. ఐదోదానికి చెంప మీద దూదిపోగు. ఏడోదానికి ఒక నవ్వు. ఎనిమిదోదానికి చెవి దగ్గర వేళ్ళ రాపిడి. తొమ్మిది, పది నాడులకు నోరు తెరిచి "ఆ" అనిపించడం. కొండనాలుక సామెతకు తప్ప దేనికీ పనికిరాదనుకోకండి. అది నడిమధ్యన లేచిందా, పక్కకు లాగిందా అన్నది మాకు పెద్ద కబురు. పదకొండోదానికి భుజాలు ఎగరేయించడం. పన్నెండోదానికి నాలుక చాపించడం.

"కంటికి రెప్పలా" కాపాడమంటాం. ఆ రెప్పకు యజమానులు ఇద్దరని ఎంతమందికి తెలుసు? తెరిచేది మూడో నాడి, మూసేది ఏడోది. రెప్ప వాలిపోయిందంటే ఒక నాడి మీద అనుమానం, మూతపడటం లేదంటే ఇంకో నాడి మీద. మూతపడని కన్ను రాత్రంతా తెరుచుకుని ఎండిపోతుంది. అలాంటి రోగికి నర్సు కంట్లో చుక్కలు వేసి, రెప్ప మూసి, జాగ్రత్తగా టేపు అంటిస్తుంది. ఆ పని చెయ్యకపోతే నల్లగుడ్డు మీద పుండు పడి, జబ్బు తగ్గినా చూపు పోయే ప్రమాదముంది.

మూతి వంకరపోతే మన ఇళ్ళలో వెంటనే "గాలి సోకింది" అంటారు. నర్సు నుదురు చూస్తుంది. కనుబొమలు పైకెత్తమంటే నుదుటి మీద రెండువైపులా ముడతలు పడ్డాయనుకోండి, దోషం మెదడులో ఉండవచ్చు. నుదుటికి మెదడు రెండు సగాలనుంచీ ఉత్తరువులు వస్తాయి గనక అది తప్పించుకుంటుంది. ఒకవైపు నుదురు కూడా నునుపుగా ఉండిపోయిందంటే ఏడో నాడే దెబ్బతిని ఉండవచ్చు. ఈ తేడా తేల్చడం ఆస్పత్రి పని. మీరు మాత్రం ఇంట్లో అద్దం ముందు పరీక్షలు పెట్టుకుని కూర్చోకండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి వాలిపోయినా 108కి ఫోను చెయ్యండి. నెత్తురుగడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు, అదీ తగినవాళ్ళకే. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

రోగి బంధువులకు రెండు మూడు విన్నపాలు. మొదటిది, నోట్లో నీళ్ళు పొయ్యకండి. పక్షవాతం వచ్చినవాడికి కొబ్బరినీళ్ళో, కాఫీయో చెంచాతో పొయ్యడం మన ప్రేమకు గుర్తు. కాని తొమ్మిది, పది నాడులు మొరాయించిన గొంతులో ఆ ప్రేమ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. మింగగలడని నర్సు పరీక్షించి చెప్పేదాకా ఆగండి.

రెండోది, కంటి చరిత్ర దాచకండి. శుక్లాల ఆపరేషను అయినా, గ్లకోమాకు చుక్కలు వాడుతున్నా, పుట్టుకతోనే మెల్ల ఉన్నా ముందే చెప్పండి. కొందరికి ఏ జబ్బూ లేకుండానే కనుపాపలు కొద్దిగా హెచ్చుతగ్గులుగా ఉంటాయి. ఒకసారి ఒక పెద్దాయన కనుపాప లైటుకు రవ్వంతయినా కదలకపోయేసరికి వార్డంతా పరుగులు పెట్టింది. చివరికి ఆయన భార్య నింపాదిగా, "ఆ కన్ను గాజుది బాబూ. పెళ్ళినాటికే అంతే" అంది. అప్పటిదాకా ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదంది.

మూడోది, ఆకులో ఒకవైపు పదార్థాలే తిని రెండోవైపువి వదిలేస్తున్న రోగిని, కూర నచ్చలేదని కసరకండి. ఆ సగం ఆయనకు కనిపించకపోవచ్చు, లేదా దాని మీదికి ధ్యాసే పోకపోవచ్చు. ఆ సంగతి మాకు చెప్పండి. ఇలాంటివి మాకంటె ముందు మీ కంటికే తగులుతాయి.

ఈ పరీక్షలన్నీ డాక్టర్ల సొత్తేననీ, నర్సు ఉష్ణోగ్రత రాసిపెడితే చాలుననీ అనుకున్న రోజులుండేవి. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి, రోగిని తామే పరీక్షించి నిర్ణయానికి రాగల నర్సులకు ఒక చదువు పెట్టారు. మన దేశంలో కూడా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016లో, ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగులను చూసే నర్సుల కోసం రెండేళ్ళ ఉన్నత శిక్షణను రూపొందించింది. ఈ చదువు చదివిన పిల్లలు నాకంటె ఎంతో తెలిసినవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు ముచ్చటగా ఉంటుంది.

కాని ఎంత చదివినా ఈ విద్యకు ప్రాణం రెండు మాటల్లో ఉంది: ఇందాకా, ఇప్పుడూ. ఐదు మిల్లీమీటర్ల కనుపాప తనంతట తాను ఏమీ చెప్పదు; ఇందాక మూడున్నదని తెలిసినవాళ్ళకే అది మాట్లాడుతుంది. స్కాను ఒక్క క్షణాన్ని చూపిస్తుంది. ఆ క్షణానికీ, తరువాతి క్షణానికీ మధ్య మంచం దగ్గర ఉండేది నర్సు. ఇంకా దగ్గరగా ఉండేది మీరు. కనుక నర్సు అర్ధరాత్రి లైటు వేసుకుని వస్తే విసుక్కోండి, పరవాలేదు, మాకు అలవాటే. విసుక్కున్నాక మాత్రం, "ఇందాకటికీ ఇప్పటికీ ఏమైనా తేడా ఉందా అమ్మా?" అని ఒక్కమాట అడగండి. అంత అర్థవంతమైన ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగరు.