ముద్రలో దాగిన ఊళ్ళు

శంషాబాద్
జనవరి 11, ఆదివారం

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికిన స్టాంపుల పొట్లం సాయంత్రం విప్పాను. అన్నీ విక్టోరియా రాణి బొమ్మవే. అర్ధణాలు, అణాలు, రెండణాలు. అందరూ వీటిని ఇండియా పేజీలో అతికించి వదిలేస్తారు. నాకు మాత్రం ఆ బొమ్మ మీద పడిన ముద్ర చదివేదాకా నిద్ర పట్టదు.

అందులో నాలుగణాల నల్ల స్టాంపు ఒకటి ఉంది. నలుపు మీద నల్ల సిరా కాబట్టి తిన్నగా చూస్తే ఏమీ తెలియదు. టేబుల్ లైటు వంచి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పెట్టి, భూతద్దంతో చూశాను. ఎనిమిది పలకల ఆకారంలో గీతలు, మధ్యలో ఇంగ్లీషు 'బి', దాని కింద 172. సింగపూర్! పినాంగ్‌ది 147, మలక్కాది 109. 'బి' బెంగాల్ తపాలా సర్కిల్ గుర్తు. 1854 నుంచి ఆ మూడు ఊళ్ళలోనూ చెల్లినవి మన దేశపు స్టాంపులే.

జనవరి 13, మంగళవారం

అదే ముద్రతో గోధుమరంగు అణా స్టాంపు కూడా దొరికింది. ముద్రలో తేదీ లేదు. స్టాంపును నల్లటి పళ్ళెంలో బోర్లించి చూస్తే కాగితంలో ఏనుగు తల నీటిగుర్తు తేలింది. ఆ కాగితం వాడకంలోకి వచ్చింది 1865లో. సింగపూర్ 1867 ఏప్రిల్‌లో ఇండియా పాలన నుంచి విడిపోయింది. ఆ సెప్టెంబరు 1న, మన స్టాంపుల మీదే కిరీటం, సెంట్లలో విలువ అచ్చువేసి, తన సొంత స్టాంపులు తెచ్చుకుంది. కాబట్టి ఈ ముద్ర ఆ నడిమి రెండేళ్ళలో పడిందే అయి ఉండాలి.

ఇలాంటివాటికి మంచి ధర పలుకుతుంది గనుక దొంగ ముద్రలూ తిరుగుతుంటాయి. స్టాంపు పలచబడిన చోట, చిరిగిన అంచున సిరా లోపలి కాగితానికి ఇంకి ఉంటే, ఆ ముద్ర తర్వాత ఎవరో కొట్టిందే. నా అణా స్టాంపు అంచులన్నీ చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

జనవరి 17, శనివారం

పొట్లం అడుగున ఎడ్వర్డ్ రాజు బొమ్మ ఉన్న పావణా కార్డు. గుండ్రటి ముద్రలో రంగూన్, పక్కన చేరినచోటి ముద్రలో కాకినాడ. తెలుగు రాత చాలావరకు వెలిసిపోయింది. "డబ్బు ముట్టినదా" అన్న ఒక్క మాట మాత్రం స్పష్టంగా ఉంది.

కోస్తా నుంచి స్టీమరెక్కి రంగం (మనవాళ్ళ నోట రంగూన్) వెళ్ళి ఓడరేవులో మూటలు మోసినవాళ్ళు, ధాన్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు వేలకు వేలు. అక్కడివాళ్ళు మన కూలీలను కోరంగీలు అనేవారు. బర్మా అప్పుడు ఇండియాలో ఒక రాష్ట్రమే. కాకినాడకు మద్రాసు నుంచి రాసినా రంగూన్ నుంచి రాసినా అదే పావణా కార్డు. 1937 ఏప్రిల్ 1న బర్మా వేరుపడి, మన స్టాంపుల మీద బర్మా పేరు అచ్చువేయించుకుంది. అంతకుముందు సముద్రం దాటిన తెలుగువాడి ఆచూకీ స్టాంపు బొమ్మలో దొరకదు. ముద్రలోనే ఉంటుంది.

జనవరి 18, ఆదివారం

ఎయిర్‌పోర్టులో డ్యూటీ దిగి మేనల్లుడు ఇటే వచ్చాడు. ఏనుగు తల చూపిస్తే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మరి మన దగ్గరివి లేవా మామా?"

ఉన్నాయన్నాను. అప్పట్లో శంషాబాద్ 'పైగా' వంశపు నవాబుల జాగీరు, తపాలా నిజాంది. 1869 నుంచి నిజాం సర్కారుకు సొంత స్టాంపులు ఉండేవి. అవి సంస్థానం దాటితే చెల్లవు. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ తపాలా ఆఫీసు ఉండేది. అక్కడ చెల్లింది ఇండియా స్టాంపు. నిజాం నేల మీద బ్రిటిష్ ఇండియా స్టాంపు కాబట్టి సికింద్రాబాద్ ముద్ర కూడా నా లెక్కలో సింగపూర్ ముద్రకు చుట్టమే. రెండు తపాలాలు పక్కపక్కన నడిచిన ఈ ముచ్చట 1950లో ముగిసింది.

కవరు మీది స్టాంపును నీళ్ళలో నానబెట్టి ఊడదీయొద్దని వాడికి గట్టిగా చెప్పాను. ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది. ఊడదీస్తే ఊరి పేరు సగం పోతుంది, చేరిన ఊరు పూర్తిగా పోతుంది. కాకినాడ, విశాఖ వైపు స్నేహితులకు రేపే ఫోన్లు చేయాలి. అటక మీద రంగం నుంచి వచ్చిన పాత కార్డు ఒక్కటున్నా పారేయొద్దని, ముందు వెనకా ఫొటో తీసి పంపమని అడగాలి.