తూకం బల్ల దగ్గర

జనవరి 17
కనుమ వెళ్ళాక ఏటా ఇదే వరస. క్లినిక్ తలుపు తీసేసరికి వాంతులు చేసుకుంటున్న కుక్కలు గుమ్మంలో ఉంటాయి. ఉల్లిపాయ వేసిన గారెలు, మాంసం కూర మీద తేలిన నూనె, కోడి ఎముకలు. కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే క్లోమం వాస్తుంది. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఉప్పూ కారం వెయ్యకుండా విడిగా ఉడికించిన కోడిమాంసం నాలుగు ముక్కలు పెడితే దానికీ పండగే కదా.

జనవరి 20
రాకీ వచ్చాడు. లాబ్రడార్, ఐదేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవాడు. తూకం 41 కిలోలు. వాడి ఒడ్డూ పొడుగుకి 32 చాలు. బల్ల మీదికి ఎక్కించడానికి ఇద్దరం పట్టాల్సొచ్చింది.

"అసలేం తినడమ్మా, రెండు పూటలా గుప్పెడు మెతుకులే," అన్నారు మామ్మగారు. ఆవిడ చెప్పింది నిజమే, ఆవిడ పెట్టేది గుప్పెడే. అడగ్గా అడగ్గా మిగతావి బయటికొచ్చాయి. పొద్దున కాఫీ తాగుతూ తాతగారు బిస్కెట్లు వేస్తారు. బడినించి వచ్చిన పిల్లలు చపాతీ ముక్కలు పెడతారు. రాత్రి గిన్నెలు కడిగేముందు మిగిలిన పెరుగన్నం కోడలు వేస్తుంది. ఎవరికి వారు కాస్తే పెట్టారు. అంతా కలిపి చూసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆపరేషన్ అయ్యాక ఒంటికి కావలసిన తిండి తగ్గుతుందని కూడా వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఫ్రిజ్‌కి ఒక కాగితం అంటించి, ఎవరేం పెట్టినా దాని మీద రాయమన్నాను. థైరాయిడ్ పరీక్షకి రక్తం తీశాను. తప్పంతా తిండిదేనని ముందే తీర్మానించకూడదు.

జనవరి 23
థైరాయిడ్ బాగుంది.

పక్కటెముకలు తడిమి చూడటం కోడలికి నేర్పాను. అరచెయ్యి చాపి, దాని వెనకవైపు వేళ్ళ కణుపుల మీద రెండో చేత్తో తడమాలి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. అరచేతి మెత్తదనం తగిలితే కొవ్వు పట్టినట్టు. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. తూకం యంత్రం లేని ఇంట్లోనూ ఈ పరీక్ష చెయ్యొచ్చు. రాకీ ఎముకలు దొరకడానికి ఆవిడ గట్టిగా నొక్కాల్సొచ్చింది. అప్పుడు మొహం మారింది. నా మాటలకంటే ఆ చెయ్యే ఎక్కువ చెప్పింది.

జనవరి 30
కాగితం రెండు వైపులా నిండింది. 32 కిలోల కుక్క విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకి ఖర్చు పెట్టేది సుమారు 940 కేలరీలు. రాకీకి ఇప్పుడు పెట్టాల్సింది కూడా దాదాపు అంతే. చిరుతిళ్ళు అందులో పదో వంతు దాటకూడదు. మామూలు మారీ బిస్కెట్లయితే నాలుగు. తాతగారి కాఫీ దగ్గరే అవి అయిపోతున్నాయి.

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. పొద్దున్నే ఆ పావుగంట వాళ్ళిద్దరిదీ. దాన్ని నేను తియ్యను. బిస్కెట్ బదులు కీరా ముక్కలో, ఉడికించిన బీన్సో వెయ్యమన్నాను.

ఫిబ్రవరి 4
"అలా చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉండనమ్మా?" మామ్మగారి ఫోను.

2016లో కేంబ్రిడ్జిలో ఎలినార్ రాఫన్ బృందం లాబ్రడార్లలో ఒక జన్యులోపాన్ని కనిపెట్టింది. తిన్నది చాలని మెదడుకి చెప్పే పీఓఎంసీ జన్యువులో ఒక చిన్న ముక్క లోపిస్తుంది. దాదాపు పావు వంతు లాబ్రడార్లలో ఇది ఉంటుంది. అలాంటి కుక్కలకి పూటకీ పూటకీ మధ్య ఆకలి ఎక్కువ, ఒంట్లో ఖర్చు మాత్రం తక్కువ. రాకీకి అది ఉందో లేదో పరీక్ష చెయ్యలేదు. కానీ వాడిది దొంగ ఆకలి అని నేననను. ఆకలి నిజమే కావచ్చు, ఒంటికి అవసరం మాత్రం లేదు. అందుకే అదే కొలతని మూడు పూటలకి పంచమన్నాను.

ఫిబ్రవరి 11
పాలన్నంతో పెరుగుతున్న పిల్లి. కుక్క మనిషితో బతికి పిండిపదార్థం అరిగించుకోవడం నేర్చింది, అన్నం దానికి విషం కాదు. పిల్లికి మాంసం ఉండి తీరాలి. మాంసంలో ఉండే టౌరిన్ అందకపోతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనే తేలింది. లావైన పిల్లిని పస్తు ఉంచడం మరీ ప్రమాదం. కొద్దిరోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట ఆ ఇంటివాళ్ళకి రెండుసార్లు చెప్పి పంపాను.

మార్చి 2
అమెరికాలో పురీనా కంపెనీ 48 లాబ్రడార్ పిల్లల్ని జతలు చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ పెడుతూ జీవితాంతం గమనించింది. ఫలితాలు 2002లో వచ్చాయి. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్ళు, తక్కువ తిన్నవాటిది 13. కీళ్ళనొప్పులకి మందులు అవసరమవడం కూడా ఆలస్యమైంది. నన్ను నిలేసేది ఒకటే: ఆ ఎక్కువ తిన్నవి మరీ లావు కుక్కలేం కావు. కాస్త బొద్దుగా, ముద్దుగా ఉన్నవి. చూసినవాళ్ళు "బాగా పెంచుతున్నారండీ" అనే కుక్కలు.

మార్చి 10
రాకీ 38 కిలోల 600 గ్రాములు. వారానికి ఒంటి బరువులో ఒక శాతం చొప్పున తగ్గుతున్నాడు, ఇంతకంటే తొందర అక్కర్లేదు. బల్ల మీదికి తనే ఎక్కాడు.

మార్చి 26
బెజవాడ ఎండ మొదలైంది. కుక్క ఒంటి వేడి ప్రధానంగా రొప్పుతూ పోగొట్టుకుంటుంది. కొవ్వు పొర ఆ వేడిని లోపలే ఉంచేస్తుంది. మే నాటికి 36 కైనా దిగాలని నా ఆశ. నడక తెల్లారకముందే ముగించమన్నాను.

వెళ్ళబోతూ మామ్మగారు ఆగారు. "ఆవకాయ కలిపిన రోజు కొత్త అన్నం ముద్ద ఇంట్లో అందరికీ పెడతాను. వీడికో?"

వద్దన్నాను. అందులో వెల్లుల్లి, ఉప్పు, కారం, నూనె అన్నీ వాడికి చెరుపే. కలపకముందే వట్టి అన్నం ఒక ముద్ద తీసి, ఆ పూట కొలతలోంచి అంత తగ్గించి పెట్టమన్నాను. కోడలు కాగితం తీసి రాసుకుంది.